డోటింగ్ అంటే మతిపోయిన ప్రేమా?

పోయిన నెలలో ఒక ఆదివారం పూజ ముగిసిన తరువాత, గుడి ఆవరణలోని వేపచెట్టు క్రింద ఒక పెద్దాయన నన్ను ఆపారు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవారు. వయస్సు 78. ఎన్నడూ తొందరపడి మాట్లాడే మనిషి కారు. ఆ రోజు మాత్రం "మాస్టారూ, మీతో ఒక్క నిమిషం పనుందండీ" అంటూ చొక్కాజేబులోంచి నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం ఒకటి తీశారు.

అది ఆయన మనవడు ఇంజనీరింగు చివరి సంవత్సరంలో కాలేజీకి సమర్పించిన ప్రాజెక్టు రిపోర్టులోని అంకితం పేజీ. అందులో రెండే పంక్తులు ఉన్నాయి. మొదటి పంక్తి, "టు మై డోటింగ్ గ్రాండ్‌ఫాదర్". ఆ కుర్రవాడి తల్లిదండ్రులు చాలా ఏళ్ళు కువైట్‌లో పనిచేశారు. వాడిని మూడో తరగతి నుంచీ పెంచింది, బడికి పంపింది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది ఈ తాతగారే. అంకితం చూసి సంతోషించాల్సింది పోయి ఆయన ముఖం చిన్నబోయి ఉంది.

"డోటింగ్ అంటే ఏమిటోనని ఇంట్లో ఉన్న పాత డిక్షనరీ తీసి చూశానండీ. వృద్ధాప్యంవల్ల మతి చెడుట అని ఉంది. దాని పక్కనే డోటేజ్ అని ఇంకో మాట. దానికీ అదే అర్థం. నాకు మతిపోయిందని వాడు నలుగురు చదివే పుస్తకంలో అచ్చు వేయించాడు మాస్టారూ" అన్నారు.

పన్నెండు రోజులనుంచీ మనవడి ఫోను తీయడం లేదట. డిక్షనరీలో ఆ తరువాత రెండో అర్థం కూడా ఉంటుంది, చూడలేదా అని అడగబోయాను. అంతలో ఆయనే గొంతు తగ్గించి, "ఈమధ్య గ్యాసు కట్టేశానో లేదో గుర్తుండటం లేదండీ. మొన్న శెలవులకు వచ్చినప్పుడు వాడు రెండుసార్లు చూశాడు. ఏమీ అనలేదు" అన్నారు. బాధంతా అక్కడ ఉందని నాకప్పుడు అర్థమైంది. వచ్చే ఆదివారం అన్ని పుస్తకాలూ చూసి వచ్చి చెబుతానన్నాను. ఆయనకు చెప్పిన సంగతులే, మరికొన్ని చేర్చి, మన పాఠకుల కోసం ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఉచ్చారణ సంగతి. ఇది డోట్, ఓకారం దీర్ఘం. డాట్ అంటే చుక్క. ఆ రెండింటికీ సంబంధం లేదు. ఆంగ్లంలో డోటింగ్ అని వ్రాసేటప్పుడు టీ అక్షరం ఒకటే వేయాలి. రెండు వేస్తే చుక్కలు పెట్టడం అవుతుంది. మా తరగతిలో ఒక పిల్లవాడు తల్లిని చుక్కలు పెట్టే తల్లిని చేసి పది మార్కుల వ్యాసంలో రెండు మార్కులు పోగొట్టుకున్నాడు.

ఇక అర్థం. పెద్దాయన డిక్షనరీ అబద్ధం చెప్పలేదు. డోట్ అనే క్రియ ఆంగ్లంలో కనబడటం మొదలైంది 1200 ప్రాంతంలో. అప్పుడు దానికున్న అర్థం తెలివి తప్పడం, వెర్రిగా ప్రవర్తించడం, పిచ్చి మాటలు మాట్లాడటం. ప్రేమ ఊసే లేదు. దీనికి దగ్గర చుట్టాలు సముద్రానికి అవతల ఉన్న డచ్చి భాషలో ఉన్నాయి. పాత డచ్చిలో డోటెన్ అంటే మతిలేకుండా ఉండటం. ఐస్‌లాండు భాషలో డొట్టా అంటే కూర్చున్నచోటనే కునికిపాట్లు పడటం. ఫ్రెంచివారు ఈ జెర్మానిక్ ధాతువునే అరువు తెచ్చుకుని రదొతే అనే క్రియ చేసుకున్నారు. ముసలివాళ్ళు చెప్పిందే చెప్పి సాధించడాన్ని అలా అంటారు. మన ఇళ్ళలో 'ముసలి చాదస్తం' అని విసుక్కుంటామే, దాదాపు అదే. పాపం, చాదస్తం అనే మాటకు కూడా మొదట గౌరవం ఉండేది. ఛందస్సు అనగా వేదం. దానిని చదివినవాడు ఛాందసుడు. చదువుకున్నవాడి పట్టుదల చూసి జనం నవ్వడం మొదలుపెట్టాక ఆ మాట దిగజారింది.

డోట్ నుంచి 14వ శతాబ్దంలో రెండు నామవాచకాలు పుట్టాయి. డోటేజ్ అంటే ముసలితనంలో బుద్ధి మందగించిన స్థితి. డోటర్డ్ అంటే ఆ స్థితిలో ఉన్న మనిషి. ఛాసర్ కవి కాంటర్బరీ కథలలో బాత్ నగరపు ఇల్లాలు తన ముసలి మొగుళ్ళను తిట్టిన తిట్లలో ఈ డోటర్డ్ ఒకటి. చాలాకాలం ఆ మాట మూలనపడి ఉంది. 2017 సెప్టెంబరులో ఉత్తర కొరియా నాయకుడు కిమ్ జోంగ్ ఉన్ అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌ను తిడుతూ చేసిన ప్రకటనను ఆంగ్లంలోకి మార్చినవారు ఈ డోటర్డ్ పదాన్నే వాడారు. దానితో ప్రపంచమంతా ఒక్కసారిగా నిఘంటువులు తిరగేసింది. కొరియా భాషలో ఆయన అన్నమాట 'ముసలివాడా' అని ఈసడించడమేనట. ఆంగ్లంలోకి వచ్చేసరికి దానికి ఆరువందల ఏళ్ళ బరువు తోడైంది.

మరి ఈ వెర్రిమాట ప్రేమలోకి ఎలా వచ్చింది? 15వ శతాబ్దం చివరికి డోట్ పక్కన ఒక చిన్న విభక్తి వచ్చి కూర్చుంది. ఆన్ లేక అపాన్. డోట్ అంటే మతి చెడటం. డోట్ ఆన్ అంటే ఒకరి మీద మతి చెడేంతగా మనస్సు పెట్టడం. ఇది ముఖ్యమైన తేడా. ఆన్ లేకుండా ఈ క్రియను ఒంటరిగా వాడితే పాత జబ్బు అర్థమే వస్తుంది. ఆన్ పెట్టి, ఎవరిమీదో చెబితే, ప్రేమ అర్థం వస్తుంది. పదచరిత్రను అనుసరించి కూర్చిన నిఘంటువులలో అతి పాత అర్థాన్ని ముందు వేస్తారు. ఈనాడు వాడుకలో ఉన్న అర్థం రెండోదో, మూడోదో అవుతుంది. మన పెద్దాయన మొదటి అర్థం దగ్గరే పుస్తకం మూసేశారు. తప్పు ఆయనది కాదు. నిఘంటువులను ఎలా చదవాలో మన బడులలో మేము నేర్పలేదు.

వెర్రి నుంచి ప్రేమకు జరిగిన ఈ ప్రయాణం ఆంగ్లేయులకే ప్రత్యేకమని అనుకోవద్దు. మన భాషలో చూడండి. "మనవడంటే ఆవిడకు పిచ్చి" అంటాం. ఆవిడను ఆసుపత్రికి తీసుకువెళ్ళమని ఎవ్వరూ అనరు. సినిమా పిచ్చి, పేకాట పిచ్చి, పిల్లల మీద వెర్రి ప్రేమ, ఇవన్నీ మనం రోజూ వాడేవే. సంస్కృతం నుంచి వచ్చిన మాటలలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. ముహ్ అనే ధాతువుకు దిక్కుతోచకపోవడం, తెలివి తప్పడం అని అర్థం. దానినుంచి మోహం వచ్చింది, వ్యామోహం వచ్చింది. అదే ధాతువునుంచి మూఢుడు వచ్చాడు. అదే ధాతువునుంచి ముగ్ధ కూడా వచ్చింది. ఒకే తల్లి బిడ్డలలో ఒకడేమో తెలివితక్కువవాడయ్యాడు, ఒకతె కవులు మెచ్చుకునే అమాయకపు అందగత్తె అయింది. మమకారం మాత్రం వేరే దారిన వచ్చింది. మమ అంటే నాది. నాది, నాది అనుకోవడమే మమకారం. అందులో పిచ్చి లేదు, సొంతం ఉంది.

ఆంగ్లంలోనే ఫాండ్ అనే మాట చరిత్ర ఇంకా చిత్రమైనది. నాకు మామిడిపండ్లంటే ఇష్టం అని చెప్పడానికి ఈ రోజు మన పిల్లలు 'ఐయామ్ ఫాండ్ ఆఫ్ మ్యాంగోస్' అని వ్రాస్తారు. 14వ శతాబ్దంలో ఎవరినైనా ఫాండ్ అంటే వాడు కొట్లాటకు వచ్చేవాడు. ఎందుకంటే ఫాన్ అంటే బుద్ధిహీనుడు, ఫాండ్ అంటే బుద్ధిచెడినవాడు. మెల్లగా అది బుద్ధిలేకుండా ముద్దుచేసేవాడు అయి, 16వ శతాబ్దం చివరిభాగానికి ఇష్టపడేవాడు అనే అర్థంలోకి మారింది. బుద్ధిలేనితనం ఆవిరైపోయి ప్రేమ మాత్రం అడుగున మిగిలింది.

ఈ ఫాండ్‌కు మరో అర్థం కూడా ఉండేది. రుచి పోవడం. విక్లిఫ్ కాలపు ఆంగ్ల రచనలలో, అనగా 1380 ప్రాంతంలో, మత్తయి సువార్త 5వ అధ్యాయం 13వ వచనంలోని ఉప్పు సారం కోల్పోవడాన్ని చెప్పటానికి ఈ క్రియనే వాడారు. ఇక్కడ గ్రీకు మూలం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గ్రీకులో ఆ ఉప్పుకు వాడిన క్రియకు అసలు అర్థం మూర్ఖంగా మారడం. మోరోస్ అంటే మూర్ఖుడు. ఆంగ్లంలో మోరాన్ అనే తిట్టు అక్కడి నుంచి వచ్చినదే. ఉప్పుకు మూర్ఖత్వమేమిటని అడగకండి. ప్రాచీనులకు రుచి, తెలివి ఒకే ఇంటివి. లాటినులో సపేరే అనే క్రియకు రుచి కలిగి ఉండటం, వివేకం కలిగి ఉండటం, రెండు అర్థాలూ ఉన్నాయి. ఫతూస్ అంటే తెలివిలేనివాడు, చప్పనిది కూడా. పునీత అగుస్తీనువారు కొండమీద ప్రసంగాన్ని వ్యాఖ్యానిస్తూ తన చేతిలో ఉన్న పాత లాటిను పాఠంనుంచి ఈ వచనం ఉదహరించినప్పుడు, ఉప్పు ఇన్‌ఫతూవాతుం అయితే అన్న మాట వస్తుంది. దానినుంచే ఆంగ్లంలో ఇన్‌ఫాచుయేషన్ వచ్చింది. కాలేజీ పిల్లల ప్రేమలను గురించి పెద్దలు పెదవి విరుస్తూ 'అది ప్రేమ కాదు, వట్టి ఇన్‌ఫాచుయేషన్' అంటారు కదా, ఆ మాటే. డోట్, ఫాండ్, ఇన్‌ఫాచుయేషన్, మూడూ వెర్రితనపు గుమ్మంలోంచే ప్రేమ ఇంట్లోకి వచ్చాయి.

డోట్ అనే మాటను 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ ఆంగ్ల బైబిలులో వెదికితే మూడు అర్థాలూ మూడు చోట్ల దొరుకుతాయి. యిర్మీయా 50వ అధ్యాయం 36వ వచనంలో బబులోను సోదెగాళ్ళ మీదికి ఖడ్గం వస్తుంది, వారు డోట్ చేస్తారు. అనగా వెర్రివాళ్ళవుతారు. అక్కడ ఆన్ లేదు, ప్రేమ లేదు. తరువాతి ఆంగ్ల అనువాదాలు అక్కడ తిన్నగా మూర్ఖులని అర్థమిచ్చే మాట పెట్టాయి. యెహెజ్కేలు 23వ అధ్యాయంలో ఒహొలా, ఒహొలీబా అని ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ ఉంది. ఒకరు సమరియాకు గుర్తు, ఒకరు యెరూషలేముకు గుర్తు. వాళ్ళు అష్షూరు, బబులోను వీరుల నీలివస్త్రాలు, గుర్రాలు, గోడల మీది బొమ్మలు చూసి మోజుపడ్డారని చెప్పడానికి ఈ ఒక్క అధ్యాయంలో డోటెడ్ అనే మాట ఆరుసార్లు వస్తుంది. అక్కడ అది మురిపెం కాదు, వినాశానికి దారితీసిన కామం. గోడమీది బొమ్మను చూసి మనస్సు పారేసుకోవడం అన్నది నేటికీ పాతబడని సంగతి.

మూడోది తిమోతికి వ్రాసిన మొదటి లేఖ 6వ అధ్యాయం 4వ వచనం. పనికిమాలిన చర్చలమీద, మాటల తగవులమీద యావపడే బోధకుణ్ణి గురించి పునీత పౌలుగారు చెప్పిన చోట కింగ్ జేమ్స్ అనువాదకులు డోటింగ్ అన్నారు. గ్రీకులో ఉన్నమాటకు జబ్బుపడి ఉండటం అని అర్థం. కతోలికులు చాలాకాలం చదివిన దూయే-రైమ్స్ ఆంగ్ల బైబిలు అక్కడ సిక్ అనే మాటనే పెట్టింది. మాటలమీద మోజు కూడా జబ్బే అని ఆ వచనం అంటుంటే, ఒక్క మాట మీద ఇన్ని పేజీలు నింపుతున్న నేను కొంచెం తగ్గి కూర్చోవలసిందే.

షేక్స్పియరు ఈ మాటను తనివితీరా వాడుకున్నాడు. 1600లో అచ్చయిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకంలో యక్షిణుల రాణి టిటానియా కళ్ళలో మంత్రపు పసరు పోస్తారు. ఆమె నిద్రలేచి చూసిన మొదటి ప్రాణిని ప్రేమించాలి. గాడిదతల తగిలించిన ఒక నేతపనివాడు కనబడతాడు. రాణి అతని చెవులు నిమిరి, పూలు చుట్టి మురిసిపోతుంది. అది చూసి జాలిపడిన ఆమె భర్త ఆ స్థితిని డోటేజ్ అనే అంటాడు. అక్కడ ముసలితనం ఏమీ లేదు. 'రోమియో అండ్ జూలియట్'లో ఫ్రాన్సిస్ సభకు చెందిన ఫ్రయర్ లారెన్సు రోమియోను మందలిస్తూ, నేను తిట్టింది నీవు ప్రేమించినందుకు కాదు, డోట్ చేసినందుకు అని అర్థం వచ్చేటట్లు తేడా చూపుతాడు. ప్రేమకూ, డోటింగ్‌కూ మధ్య గీత గీసిన ఆ మఠవాసి ఆ తరువాత నాటకంలో చేసిన పనులన్నీ తెలివైనవని నేను అనను. కాని ఆ గీత మాత్రం సరిగ్గానే గీశాడు.

1608లో అచ్చయిన 'కింగ్ లియర్'లో ఈ మాటలన్నీ ఒకే గొడుగు క్రిందికి వస్తాయి. ఎనభై ఏళ్ళు దాటిన రాజు, తనను ఎవరు ఎక్కువ ప్రేమిస్తున్నారో చెప్పమని కూతుళ్ళను అడిగి, తియ్యగా మాట్లాడినవారికి రాజ్యం పంచి, నిజం చెప్పిన చిన్నకూతురిని వెళ్ళగొడతాడు. రాజ్యం పుచ్చుకున్న పెద్దకూతురు ఆయనకు డోటేజ్ వచ్చిందని తేల్చేస్తుంది. చివరకు ఆయనే తనను గురించి చెప్పుకుంటూ ఫాండ్ అనే మాట వాడతాడు. అక్కడ దానికి పాత అర్థమే, వెర్రివాడినని. ఆ నాటకం చదివినప్పుడల్లా నాకు ఒకటి అనిపిస్తుంది. డోటేజ్ అనే మాట నోట అన్నది ఆయన ఆస్తి తీసుకున్న కూతురు. ఆయనను నిజంగా ప్రేమించిన కూతురు ఆ మాట అనలేదు. ఈ మాటను ఎవరు అన్నారో చూసిన తరువాతే దాని అర్థం చూడాలి.

భార్యను అతిగా ప్రేమించే మగవాడికి ఆంగ్లంలో వేరే మాట ఉంది. అక్సోరియస్. లాటినులో ఉక్సొర్ అంటే భార్య. మిల్టను మహాకవి 'పారడైజ్ లాస్ట్'లో సొలోమోను రాజును ఇలా పిలిచాడు. భర్తను అతిగా ప్రేమించే భార్యకు మారిటోరియస్ అని 1607లో అచ్చయిన ఒక నాటకంలో జార్జి చాప్‌మన్ వాడాడు గాని అది చెలామణి కాలేదు. భార్య ఎంత ప్రేమించినా అది అతి అని లోకానికి తోచలేదు కాబోలు. మన తెలుగులో ఇటువంటి మగవాడిని ఏమంటారో పాఠకులకు తెలుసు, నేను వ్రాయనక్కరలేదు.

డోట్ వంశంలో ఒక పక్షి కూడా ఉంది. డాటెరెల్ అని పేరు. స్కాట్లాండు ఎత్తైన కొండలమీద గుడ్లు పెడుతుంది. మనుష్యులను చూసి బెదరదు. అందువల్ల పూర్వం వేటగాళ్ళు దానిని తేలికగా పట్టేవారు. బుద్ధిలేని పక్షి అని డోట్ నుంచి దానికి ఆ పేరు పెట్టారు. తేలికగా మోసపోయే మనిషిని కూడా ఆ పేరుతో పిలిచేవారు. అయితే ఈ జాతిలో ఆడపక్షి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. పొదిగేదీ, పిల్లలను కనిపెట్టుకుని ఉండేదీ చాలావరకు మగపక్షే. మనిషి అతిదగ్గరగా వచ్చినా గుడ్లమీదినుంచి లేవదు. దానిని బుద్ధిలేనితనం అన్నవాడు వేటగాడు. గుడ్లను అడిగితే వేరే సంగతి చెబుతాయి.

కలపవ్యాపారంలో ఈ మాటకు ఇంకో వాడుక ఉంది. పైకి గట్టిగా కనబడుతూ లోపల పుచ్చడం మొదలైన దుంగను ఆంగ్లంలో డోటీ అంటారు. మనిషి బుద్ధికి చెప్పిన మాటనే చెట్టుకూ చెప్పారు. ఐర్లండులో మాత్రం ఇది పూర్తిగా తీపిమాట. అక్కడ ముద్దొచ్చే పసివాడిని ఎత్తుకుని "హీ ఈజ్ ఎ డోట్" అంటారు. బంగారుకొండ అన్నట్లు. ఒకే పదం ఒకచోట పుచ్చిన కలప, ఇంకోచోట బంగారుకొండ.

ఇక్కడే ఇంకొక పొరపాటు చెప్పి ముందుకు వెడతాను. యాంటీడోట్ అనే మాటలో కూడా డోట్ ఉంది గనుక అది అతిప్రేమకు విరుగుడు అని ఒక ఉపాధ్యాయుడు చెప్పగా విన్నాను. చమత్కారంగా ఉంది గాని నిజం కాదు. అది గ్రీకు మాట. విషానికి ఎదురుగా ఇవ్వబడినది అని అర్థం. ఆనెక్డోట్ కూడా గ్రీకే. బయటకు ఇవ్వబడనిది, అచ్చుకానిది అని దాని మొదటి అర్థం. ఈ రెండింటిలోని డోట్ ఇవ్వడం అనే ధాతువునుంచి వచ్చినది. మతిపోవడంతో దానికి చుట్టరికం లేదు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. నేటి ఆంగ్లంలో డోటింగ్ అనే విశేషణం ఫాదర్, మదర్, గ్రాండ్‌ఫాదర్ వంటి చుట్టరికపు మాటలముందు వస్తే అది నిండైన ప్రేమను చెప్పేదే. అందులో కొంచెం చిరునవ్వు కూడా ఉంటుంది. పిల్లవాడు ఏం చేసినా తప్పు పట్టలేని ప్రేమ, అడగకముందే జేబులో చెయ్యి పెట్టే ప్రేమ. 'కాకిపిల్ల కాకికి ముద్దు' అని మనం అనేటప్పుడు ఎటువంటి చిరునవ్వు ఉంటుందో అటువంటిది. స్పాయిల్ అన్నట్లు పెంపకాన్ని తప్పుపట్టడం అందులో లేదు. కాబట్టి తెలుగులో దీనికి 'నన్ను ప్రాణంగా చూసుకున్న తాతయ్యకు' అని చెప్పుకోవాలి. 'గారాబం చేసిన' అన్నా దగ్గరగానే ఉంటుంది గాని, గారాబం అంటే మనకు పిల్లవాడి మొండితనం కూడా గుర్తుకు వస్తుంది.

డోటేజ్ సంగతి వేరు. ప్రేమ అర్థం దానినుంచి ఎప్పుడో జారిపోయింది. ముసలితనపు మతిమరుపు అర్థమొక్కటే మిగిలింది. ఎదుటివారి మీద వాడితే అది అవమానమే. వైద్యులు దానిని వాడరు. 1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ ఒక రోగి మెదడును పరీక్షించి తాను కనుగొన్నది వైద్యుల సభలో వివరించారు. ముసలితనం వస్తే మతి పోవడం సహజమే అని ఊరుకోకుండా దానిని జబ్బుగా చూడాలనే ఆలోచనకు తరువాతి కాలంలో అది ఎంతో బలమిచ్చింది. ఈనాడు వాడే డిమెన్షియా అనే మాట కూడా లాటినులో మనస్సు తొలగిపోవడం అనే అర్థంతో పుట్టినదే గాని, దాన్ని తిట్టుగా కాక రోగం పేరుగా వాడుతున్నారు. ఏదో ఒకరోజు గ్యాసు సంగతి మరచిపోయిన ప్రతివారికీ ఆ జబ్బు ఉన్నట్లు కాదు. నిద్రలేమి, కొన్ని మందులు, బి12 విటమిను లోపం, థైరాయిడు తేడా, మనోవ్యాకులత, ఇవి కూడా మతిమరుపు తెస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. కనుక డిక్షనరీ చూసి నిర్ణయించుకోవద్దు, డాక్టరుకు చూపించుకోండి అని ఆయనకు గట్టిగా చెప్పాను.

బైబిలులో ఒక తాతగారిని కూడా గుర్తు చేశాను. ఆదికాండం 37వ అధ్యాయంలో యాకోబు మిగిలిన కుమారులందరికంటె యోసేపును ఎక్కువగా ప్రేమించాడని, ముసలితనంలో పుట్టినవాడు కావడమే దానికి కారణమని ఉంది. ముసలితనం, మితిమీరిన ప్రేమ రెండూ ఆ ఒక్క వాక్యంలో పక్కపక్కన కూర్చున్నాయి. ఆ ప్రేమవల్ల ఆ కుటుంబంలో ఎంత రగడ జరిగిందో మనకు తెలుసు. అంగీ ఒక్కడికే కుట్టించడం తెలివైన పని కాదు. అయినా అదే అధ్యాయం చివర నెత్తుటిలో ముంచిన ఆ అంగీ చూసి బట్టలు చింపుకుని ఏడ్చిన ముసలి తండ్రిని చూసి ఎవరు నవ్వగలరు? 48వ అధ్యాయానికి వచ్చేసరికి ఆ యాకోబుకే కళ్ళు మసకబారాయి. మనవలను దగ్గరకు తీసుకుని ముద్దుపెట్టుకున్నాడు. దీవించేటప్పుడు కుడిచేయి చిన్నవాడి తలమీద పెట్టాడు. యోసేపు తండ్రి పొరబడ్డాడనుకుని చెయ్యి తీసి పెద్దవాడి తలమీద పెట్టబోయాడు. నాకు తెలుసు కుమారా, నాకు తెలుసు అన్నాడు ముసలాయన.

ఇదంతా విని పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగారు.

"ఆ పుచ్చిన దుంగ సంగతి మావాడికి తెలుసంటారా?"

"తెలియదండీ. ఈ కాలపు పిల్లలకు డోటింగ్ అంటే ప్రేమగా చూసుకునే అని ఒక్కటే తెలుసు. రెండోది తెలిస్తే ఆ మాట పెట్టేవాడు కాదు."

"గ్యాసు సంగతి వాడు చూశాడు కదా. అదేమైనా మనస్సులో పెట్టుకుని..."

"ఆ రిపోర్టు ఎప్పుడు సమర్పించాడు?"

ఆయన లెక్క వేసుకున్నారు. మనవడు శెలవులకు రావడానికి మూడు వారాల ముందే అచ్చయింది. కాగితం క్రింద తేదీ కూడా ఉంది. ఇద్దరం చూశాం. ఆ తేదీ మీద ఆయన వేలు కాసేపు అలాగే ఉంచారు.

తరువాతి ఆదివారం ఆయన మళ్ళీ కనిపించారు. డాక్టరు రక్తపరీక్షలు వ్రాశారట. మనవడికి పంపడానికి ఆంగ్లంలో నాలుగు వాక్యాలు వ్రాసుకుని దిద్దమని నా చేతికిచ్చారు. రైల్వే గుమాస్తా దస్తూరి, ముత్యాల్లాగా ఉంది. మూడో వాక్యంలో 'ఐ డోట్ యూ' అని ఉంది. మధ్యలో ఆన్ పెట్టాలండీ అన్నాను. ఆయన పెన్ను తీసి తానే ఆ మాట పైన ఇరికించి వ్రాసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వాడికి నాలుగింటికి గాని క్లాసులు అయిపోవు, అప్పుడు ఫోను చేసి చదివి వినిపిస్తాను అన్నారు.